వేపచెట్టు దులిపినవాడు

పరాంకుశం మాస్టారిది ఒక వింత అలవాటు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "మళ్ళీ అడుగు" అంటారు. రెండోసారి అడిగేటప్పటికి ప్రశ్న ఎంతో కొంత మారిపోతుంది. ఆ మారిన ముక్కకే ఆయన జవాబు. అదైనా సూటిగా చెబుతారా అంటే అదీ లేదు. ఎక్కడో ఎవరింట్లోనో జరిగిన సంగతి ఎత్తుకుంటారు. మదనపల్లెలో మా కాలనీ చివరి వీధిలో ఆయన ఇల్లు. శనివారం సాయంత్రాలు వరండాలో వేదాంతపాఠం, పదిమందిమి పోగవుతాం. మోకాళ్ళ నొప్పుల మూలాన నాకు మాత్రం గోడవారగా ఒక కుర్చీ వేస్తారు. నలభై ఏళ్ళు ఇక్కడి కోర్టులో ప్లీడరీ చేశాను కనక ఎవరి మాటనూ ఊరికే నమ్మే రకం కాదు నేను. మాస్టారి మాటను కూడా రెండుసార్లు తిరగేసి, ఇందులో ఎక్కడన్నా మెలిక ఉందా అని చూసుకునేవాణ్ణి. అది తెలివి అనుకునేవాణ్ణి.

ఆ శనివారం అడిగింది కుముదిని. ఆమె కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. వచ్చినప్పటినుంచీ ఒళ్ళో ఫోను పెట్టుకుని దాన్నే చూస్తోంది. పాఠం అయిందో లేదో, "మాస్టారూ, మనకు తెలిసిన విషయం పదిమందికీ చెప్పి జాగ్రత్తపరచడం ధర్మమే కదా?" అంది.

"మళ్ళీ అడుగమ్మా" అన్నారు మాస్టారు.

"అంటే... మనకు అనుమానం ఉన్న విషయం పదిమందికీ చెబితే తప్పు లేదు కదా అని."

తెలిసిన విషయం కాస్తా అనుమానం ఉన్న విషయం అయింది. అందరం గమనించాం, ఆమె తప్ప. మాస్టారు సంగతేమిటని అడిగారు. వాళ్ళ అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిణ్ణి చూసుకోవడానికి దేవమణి అనే ఆయా పగలంతా ఉంటుంది. పది రోజులుగా అత్తగారు పొద్దస్తమానం మగతగా పడుకుంటోంది, మాట తడబడుతోంది. తను పని లేకుండా కూచోవడం కోసం ఆయా నిద్రమాత్ర ఎక్కువేస్తోందని కుముదిని అనుమానం. దేవమణి మా కాలనీలోనే ఇంకో రెండిళ్ళకు పొద్దున్నా సాయంత్రం వెళుతుంది. వాళ్ళూ జాగ్రత్తపడాలి గదా అని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మెసేజ్ రాసి ఉంచుకుంది. పంపే ముందు మాస్టారి మాట కూడా విందామని ఆగింది.

"అత్తగారిని డాక్టరుకి చూపించావా?"

"ఇంకా లేదండీ. ముందు ఈమె సంగతి తేలనీ అని."

"ఊఁ. మాత్రల డబ్బా నీ గదిలో పెట్టుకుని, నీ చేత్తో నువ్వే ఇవ్వు" అన్నారు మాస్టారు. తర్వాత, "మార్కండేయులు గారి ఇంటిముందు గడ్డి పెంచారు, చూశావు కదూ?" అన్నారు.

ఆ కథ నాకు తెలియనిది కాదు. మా వీధిలోనే జరిగింది, చాలా భాగం నేను కళ్ళారా చూశాను. ఇన్ని కథలుండగా ఈయన ఇవాళ ఇదే ఎందుకెత్తాడు, నేను ఉన్నానని ఎత్తాడా, లేక నేను ఉన్నా లెక్కచెయ్యక ఎత్తాడా అని ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నావైపు చూడనే లేదు. అది ఇంకా అనుమానంగా తోచింది. మాస్టారు దాన్ని పది నిమిషాల్లో చెప్పేశారు. నేను కొంచెం పెంచి చెబుతున్నాను. ప్లీడరీ చేసిన నోరు కదా, క్లుప్తత రాదు.

మార్కండేయులు గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై, చల్లటి ఊరని మదనపల్లె వచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఇంటిముందు నలభై అడుగుల మేర గడ్డి వేయించారు. బెంగుళూరు వైపు నర్సరీ నుంచి లారీలో పలకలు పలకలుగా తెప్పించిన గడ్డి అది. ఆయన స్వయంగా తాపీమేస్త్రీలా నీళ్ళగొట్టం పట్టుకుని నేల మట్టం చూసి పరిపించారు. గోలీ పెడితే కదలకూడదని ఆయన పట్టుదల. దాని మీదికి వెళ్ళాలంటే మేం చెప్పులు విడవాల్సిందే. "పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు ఈయన" అని ఆయన భార్య హైమవతమ్మ గారు మా ముందే ఎకసెక్కెం చేసేది. తూర్పు ప్రహరీ పక్కన ఒక వేపచెట్టు, దాని నీడ పొద్దున పూట గడ్డి మీదికి వాలేది.

ఆ తోట పని చూసేది ఓబులేసు. కదిరి దగ్గర పల్లె అతనిది. మెట్ట చేను, వేరుశనగ పంట. వరసగా మూడేళ్ళు వేరుపురుగు పడి చేను చేనంతా ఎండిపోతే, ఉన్నది వదులుకుని భార్య సుంకమ్మతో ఇక్కడికి వచ్చాడు. మార్కండేయులు గారి పెరటి గదిలో ఉండేవాళ్ళు. సుంకమ్మ ఆ ఇంట్లోనే గిన్నెలు తోమేది. ఓబులేసు ఆ ఇంటితో పాటు ఇంకో మూడిళ్ళ తోటలు చూసుకునేవాడు. పళ్ళ డాక్టరు ఖాదర్ గారిల్లు, సుకన్య టీచరుగారిల్లు, మరొకటి. తలుపు తీసిపెట్టి పొరుగూరు వెళ్ళినా అతనుంటే చాలు అనే పేరు ఉండేది అతనికి. చేను పోయాక అతనికి మిగిలింది ఆ పేరొక్కటే.

మొదటి ఏడు గడ్డి చిలకపచ్చగా ఉంది. ఆ జూన్‌లో తొలివానలు పడ్డప్పుడు దంపతులిద్దరూ కాశీయాత్రలో ఉన్నారు. రెండో ఏడు జూన్‌లో మొదటి వాన పడిన సాయంత్రం మార్కండేయులు గారు ఇంట్లోనే ఉన్నారు. వాన వెలిసింది, ఇంకా చీకటి పడలేదు, మట్టివాసన తగులుతోంది. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి చూస్తే వేపచెట్టు కింద ఓబులేసు. పొడుగాటి వెదురుబొంగుతో కొమ్మలు దులుపుతున్నాడు. కింద పాత దుప్పటి పరిచి ఉంది. కాళ్ళ దగ్గర డబ్బా. డబ్బాలోంచి కిరసనాయిలు వాసన.

"ఏమిటయ్యా అది? నా తోటలో కిరసనాయిలేమిటి?"

"పెంకుపురుగులు సామీ. తొలివానకి నేల్లోంచి లేస్తాయి. యాపచెట్టెక్కుతాయి. ఈ నాలుగైదు దినాలు మాపటేళ దులిపి కిరసనాయిలు నీళ్ళల్లో ఏసేస్తే మన గడ్డికి బాధ ఉండదు."

"వేపాకు తినే పురుగుకీ నా గడ్డికీ ఏమిటయ్యా సంబంధం?"

ఓబులేసు తడుముకున్నాడు. తెలిసిన విషయమే, కానీ చదువుకున్న మనిషి ముందు వరసగా చెప్పడం రాలేదు. "అవి గాదు సామీ... దాని పిల్లకాయలు... కింద..." అన్నాడు. మార్కండేయులు గారు చాల్లే అన్నారు. కిరసనాయిలు ఒక్క చుక్క పడితే గడ్డి మాడిపోతుందని ఆయనకు తెలుసు. ఇంకెప్పుడూ ఆ డబ్బా ఇటు తేవద్దని చెప్పి పంపేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఒక ఆలోచన వచ్చిందట ఆయనకి. వాన పడ్డ సాయంత్రం, నేను చూడనని అనుకున్న వేళ, కిరసనాయిలు పట్టుకుని నా గడ్డి దగ్గర వీడికేం పని?

ఇక చూసుకోండి. మర్నాటినుంచీ కళ్ళలో వత్తులేసుకుని ఓబులేసును కనిపెట్టడం మొదలుపెట్టారు. వాడు ఎన్నింటికి వచ్చాడు, గడ్డి దగ్గర ఎంతసేపు వంగి కూచున్నాడు, వంగి ఏం చేశాడు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. వేపచెట్టు పక్కనే స్తంభం పాతించి, గడ్డి మొత్తం పట్టపగల్లా కనిపించేటట్టు పెద్ద లైటు పెట్టించారు. పొద్దు గుంకగానే అది వెలిగేది. దాని చుట్టూ గోధుమరంగు పురుగులు టపటపా కొట్టుకుని గడ్డి మీద పడేవి. ఆయన వాటిని చూశారు కూడా. వానాకాలం పురుగులు అనుకున్నారు. ఆయన వెతుకుతున్నది పురుగుల కోసం కాదు కదా.

ఆగస్టు నెలాఖరుకి గడ్డిలో అరచేతులంత పసుపు మచ్చలు పడ్డాయి. నీళ్ళు చాలలేదని రెండు పూటలా పెట్టించారు. మచ్చలు చేటలంతయ్యాయి. అప్పుడు గోరువంకలు, కాకులు గుంపుగా వచ్చి ఆ మచ్చల్లోనే పొడిచి గుంటలు చెయ్యసాగాయి. గడ్డిని పీకేస్తున్నది ఇవేనేమోనని ఆయన తీగలు కట్టించి, పాత సీడీలు వేలాడదీశారు. అవి ఎండకు తళతళలాడుతుంటే పిట్టలు రావడం మానేశాయి. మచ్చలు మాత్రం పెరిగాయి. ఓబులేసు ఒకసారి పార పట్టుకుని, "ఒక్క గెడ్డ తవ్వి చూస్తా సామీ" అన్నాడట. "ఉన్నది కూడా తవ్వి పోస్తావా?" అని పార లాక్కున్నారు. ఆ రోజు నోటుపుస్తకంలో 'పారతో వచ్చాడు' అని రాసుకున్నారు. ఇది ఆయనే తర్వాత మాస్టారికి చెప్పుకున్నారు.

ఆ తర్వాతే అసలు పని జరిగింది. సాయంత్రాలు మేం నలుగురైదుగురం పార్కులో నడిచేవాళ్ళం. ఒక రోజు మార్కండేయులు గారు గొంతు తగ్గించి, "నాకెందుకో ఓబులేసు మీద అనుమానంగా ఉందండీ" అన్నారు. కిరసనాయిలు సంగతి చెప్పారు, తేదీలతో సహా. ఇంజనీరు కదా, తేదీలుంటే ఎవరైనా నమ్మాల్సిందే. ఎందుకు చేస్తాడండీ అని ఖాదర్ గారు అడిగారు. గది కిందటేడే ఖాళీ చెయ్యమన్నామని మనసులో పెట్టుకుని ఉంటాడని ఆయన ఊహ. నిజానికి ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు. ఒకసారి అనుకున్నారు, అంతే. అక్కడున్నవాళ్ళలో ఒక పెద్దమనిషి, "నేనూ ఒకసారి అతని దగ్గర కిరసనాయిలు వాసన చూశాను సుమా" అని తన వంతు కలిపాడు. పెరటి గదిలో కిరసనాయిలు స్టవ్ మీద వండుకునేవాడి దగ్గర ఇంకేం వాసన వస్తుంది? ఆ పెద్దమనిషికి ఆ సంగతీ తెలుసు. కానీ మాట రక్తి కట్టింది, వదులుకోబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండా మూడిళ్ళవాళ్ళూ ఓబులేసును కొన్నాళ్ళు రావద్దన్నారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మర్యాద అనుకున్నాం. ఎనిమిదో రోజున మార్కండేయులు గారు అతన్ని గడ్డి ముందు నిలబెట్టి నిజం చెప్పమన్నారు. "నా చేత్తో పరిచిన గడ్డి సామీ. దాన్ని నేనెందుకు సంపుకుంటా?" అన్నాడు ఓబులేసు. సుంకమ్మ తోముతున్న గిన్నె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ సాయంత్రమే ఇద్దరూ సామాను ఆటోలో వేసుకుని టమాటా మార్కెట్టు దగ్గర ఆమె అన్న ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నేనూ ఉన్నాను. అతను నాకు దండం పెట్టాడు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించాను.

ఓబులేసు పోయాక గడ్డి బాగుపడాలి కదా? ఏదో తెగులని పైన మందు కొట్టించినా, ఇరవై రోజుల్లో ముప్పావు వంతు పోయింది. మార్కండేయులు గారు వంగి ఒక చోట పట్టి లాగితే, గుడ్డముక్క లేచినట్టు జానెడు పొర చేతిలోకి వచ్చేసింది. వేరన్నది లేదు. ఇప్పుడు ఎవరిని అనాలో తెలియక ఉద్యానశాఖలో పనిచేసే ఒక అమ్మాయిని పిలిపించారు. ఆ అమ్మాయి గడ్డిని చూసింది, చెట్టును చూసింది, లైటును చూసింది. పార అడిగింది. మచ్చ అంచున, ఇంకా కాస్త పచ్చగా ఉన్న చోట, అడుగు మేర మూడు వైపులా కోసి పొరను మడత విప్పినట్టు వెనక్కి తిప్పింది. అంతా కలిపి ఐదు నిమిషాల పని. కింద తెల్లటి లావుపాటి పురుగులు సున్నా చుట్టుకుని పడున్నాయి. ఎర్రటి తలలు, వెనకభాగం నల్లగా మెరుస్తూ. లెక్కపెట్టింది. పదిహేడు.

"నాలుగైదుంటే గడ్డి తట్టుకుంటుంది సార్. పదిహేడంటే వేరు మిగలదు. వేరుపురుగు ఇది. చేలల్లో వేరుశనగని తినేది కూడా ఇదే. తొలివానకి పెంకుపురుగులు లేచి వేపచెట్టు మీద మేస్తాయి, ఆ తర్వాత నేల్లోకి దిగి గుడ్లు పెడతాయి. ఈ లైటు ఎవరు పెట్టించారు? సరిగ్గా వాటిని పిలిచి కూచోబెట్టినట్టుంది."

మార్కండేయులు గారు తలెత్తి లైటు స్తంభాన్ని చూశారు.

"ఆ సీడీలు తీసెయ్యండి. పిట్టలు వచ్చింది వీటి కోసమే. జులైలో పిల్లలుగా ఉన్నప్పుడు తవ్వి చూసుకుంటే తేలిగ్గా పోయేవి. ఇప్పుడు ముదిరాయి, మీరు పైన కొట్టిన మందు వీటికి అందను కూడా లేదు. పురుగుకి రోగం తెప్పించే బూజుపొడి ఒకటి పంపిస్తాను. చివికిన ఎరువులో కలిపి, సాయంత్రం పూట చల్లి, నేల తడపండి. కొన్ని పోతాయి. వచ్చే ఏడు మాత్రం తొలివానలప్పుడు ఈ లైటు వెయ్యకండి, నేలని మరీ తడిపి ఉంచకండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ నాలుగైదు సాయంత్రాలు ఎవరో ఒకరు వేపచెట్టు దులిపి ఆ పురుగుల్ని కిరసనాయిలు నీళ్ళలో వేసెయ్యాలి. పల్లెల్లో అందరికీ తెలిసిన పనే. మీ దగ్గర తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

గుమ్మంలో నిలబడ్డ హైమవతమ్మ గారు, "ఉండేవాడమ్మా" అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంతకుముందు ఏడు తాము కాశీలో ఉన్నప్పుడు గడ్డి ఎట్లా బాగుందో మార్కండేయులు గారికి అప్పుడు అర్థమైంది. ఆయన నేల మట్టం వల్ల అనుకున్నారు అప్పటిదాకా.

ఆయన చెడ్డవాడు కాదు. అందుకే మర్నాడు పొద్దున్నే టమాటా మార్కెట్టుకి వెళ్ళారు. ఓబులేసు లారీకి ట్రేలు ఎత్తుతున్నాడు. ఆ రద్దీలో, ఆ కేకల మధ్య, డెబ్భై ఏళ్ళ మనిషి, ఓబులేసు చేతులు పట్టుకుని తప్పు నాదే అన్నారు. గది తెరిచి ఉంచాను, రా అన్నారు. ఓబులేసు తలగుడ్డతో ముఖం తుడుచుకుని చెప్పిన మాట ఇది: "గదీ వద్దు, పనీ వద్దు సామీ. నా గురించి మూడిండ్లలో నోటితో చెప్పినారు గదా. అదే నోటితో మళ్ళా పొయ్యి చెప్పి రాండి. నాకది చాలు."

ఇంజనీరు గారు ఆ సాయంత్రమే బయల్దేరారు. ఖాదర్ గారు విని, చాలాసేపు తల పట్టుకుని, తనే వెళ్ళి ఓబులేసును పిలుచుకొచ్చారు. సుకన్య టీచరుగారు, అయ్యో పాపం, రమ్మనండి అన్నారు. అన్నారు కానీ, అతను వచ్చిన ప్రతిసారీ పని అయ్యేదాకా వరండాలో నిలబడి చూసేవారు. వంటింటి తలుపు లోపల గడియ పెట్టుకునేవారు. ఓబులేసు నెల రోజులు చేసి ఆ ఇల్లు తనే మానుకున్నాడు.

మూడో ఇంటి పేరు మాస్టారు చెప్పలేదు. "మూడో ఇంటాయన పెద్ద చదువరి. అంతా విని, మంచిది సార్, చాలా సంతోషం అన్నాడు. అయినా ఎందుకైనా మంచిది, మేం వేరే మనిషిని పెట్టుకున్నాంలెండి అన్నాడు" అని మాత్రం చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. వరండాలో కూచున్నవాళ్ళు ఎవరండీ ఆ మహానుభావుడు అన్నట్టు నవ్వారు.

ఆ ఇల్లు మాది. పార్కులో కిరసనాయిలు వాసన చూశానన్న పెద్దమనిషినీ నేనే. వేరే మనిషిని పెట్టుకోలేదు, అది అబద్ధం. నా మొక్కలు నేనే సగం ఎండబెట్టుకుంటున్నాను. నలభై ఏళ్ళు కోర్టులో రుజువు లేనిదే తప్పనకూడదని గొంతు చించుకుని దొంగలకూ దొమ్మీగాళ్ళకూ సంశయలాభం ఇప్పించాను. నా గులాబీలకు పాదులు చేసి, నా మోకాళ్ళకు నువ్వులనూనె కాచి తెచ్చిచ్చిన మనిషికి అదివ్వడానికి నాకు నోరు రాలేదు. నిజం తెలిశాక కూడా రాలేదు. లోపల ఎక్కడో, ఏమో, ఇంత జరిగిందంటే ఏదో ఉండే ఉంటుంది అని ఒక గొణుగుడు. అది ఎవరు చెప్పినా ఆగలేదు. ఇంజనీరు గారు చెప్పినా, కోసి చూపించిన పదిహేడు పురుగులు చెప్పినా ఆగలేదు. సిగ్గుగా ఉంది రాయడానికి.

మాస్టారు మిగతాది నాలుగు ముక్కల్లో చెప్పారు. ఓబులేసు మార్కండేయులు గారి తోటకి పొద్దున పూట వచ్చి పోయేవాడు, పెరటి గదిలోకి మాత్రం మళ్ళీ రాలేదు. మరుసటి ఏడు జూన్‌లో తొలివాన పడగానే చెట్టు దులిపాడు. డబ్బా ఇంజనీరు గారు పట్టుకున్నారు, వీధిలో అందరూ చూసేటట్టు, గేటు బార్లా తెరిచి. ఐదు సాయంత్రాలు అట్లా చేశారు. పని ఆయనకు పట్టుబడింది. ఆగస్టులో పార తీసుకుని నాలుగు చోట్ల కోసి చూస్తే అడుగుకి ఒకటో రెండో. కొత్త గడ్డి అతికించిన చోట అతుకు కూడా తెలియకుండా కలిసిపోయింది. దసరా దాటాక ఓబులేసూ సుంకమ్మా బెంగుళూరులో ఏదో కట్టుబడి పనికి వెళ్ళిపోయారు. ఎవరితోనూ తగువు పెట్టుకుని కాదు. ఈ వీధిలో నడుస్తుంటే కిటికీల్లోంచి చూస్తున్నట్టుంటుంది సామీ, అన్నాడట ఖాదర్ గారితో.

కథ అయిపోయింది. నేను లేచి, ఆ మూడో ఇంటివాణ్ణి నేనే అని చెబుదామనుకున్నాను. మోకాళ్ళు లేవనివ్వలేదు అని రాస్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది. ఈలోగా కుముదిని ఫోను చేతిలోకి తీసుకుంది. ఆమె వేలు తెర మీద ఆగి ఉంది. లెక్క సరిచూసుకుంటున్నదానిలా ఆలోచించి అడిగింది.

"కానీ మాస్టారూ, చివరికి ఆయన తప్పు ఒప్పుకున్నారు. తనే ఇల్లిల్లూ తిరిగి అందరికీ నిజం చెప్పారు. ఒకవేళ మనం పొరబడినా అట్లా దిద్దుకోవచ్చు కదా? సరిపోయింది కదండీ?"

ఈసారి మాస్టారు మళ్ళీ అడగమనలేదు. మొదటిసారి నా కుర్చీ వైపు చూశారు. చూసి, ఆమెకే జవాబు చెప్పారు.

"గడ్డికి సరిపోయిందమ్మా."